దిగులక్కర్లేని తూనీగ

సారు పోయినాక నాకు శుక్రవారం డ్యూటీ అంటే కాళ్ళు రావడం లేదు.

శుక్రవారం మాకు డ్రై డే. నేను తిరుపతిలో ఒక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్‌ఎంని. ఆ రోజు పొద్దున్నే బయల్దేరి, ఇంటింటి వెనకా దూరి, నీళ్ళ తొట్లు, డ్రమ్ములు, పూలకుండీల కింది పళ్ళేలు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు అన్నీ బోర్లించి రావాలి. దోమ గుడ్డు పెట్టాక అది పిల్లయి రెక్కలు తెచ్చుకోవడానికి వారం పైన పడుతుంది. అందుకని వారానికోసారి నిలవ నీళ్ళు పారబోస్తే దాని వంశం అక్కడితో ఆగిపోతుందని లెక్క. చెప్పడానికి ఇంతే, చెయ్యబోతే తెలుస్తుంది. అసలు ఈ పనికి శుక్రవారం ఎంచినవాళ్ళు మగవాళ్ళే అయ్యుండాలి! గడప కడిగి, పసుపు రాసి, ముగ్గేసి, తలకు పోసుకుని, లక్ష్మీదేవికి దీపం పెట్టబోతున్న ఆడమనిషి దగ్గరికి పోయి "ఇంట్లో నీళ్ళన్నీ వీధిలో పారబోయమ్మా" అంటే ఏమంటుంది?

"నీకు పుణ్యముంటాది సిస్టర్, రేపు రా. శుక్రవారం పూట ఇంట్లోది బయటికి పొయ్యగూడదు" అంటుంది.

నేను ఊరుకునే రకం కాదు. "లక్ష్మి పాచినీళ్ళలో కాపురం చెయ్యదమ్మా, చేసేది దోమ" అని నేనే తొట్టి వంచేసేదాన్ని. తిట్టేవాళ్ళు తిట్టేవాళ్ళు, కాఫీ ఇచ్చేవాళ్ళు ఇచ్చేవాళ్ళు. ఏ ఇంట్లోనూ తొట్టి బోర్లించకుండా బయటికి వచ్చింది లేదు, ఆ ఒక్క ఇంట్లో తప్ప.

ఆ ఇంటి సారు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. పేరు గేటు మీద రాసి ఉంటుంది గానీ, ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్ళని నేను చూడలేదు. వీధి మొత్తానికీ ఆయన సారే. మనిషి బక్కపలచన. కింద లుంగీ, పైన ఫుల్ చేతుల చొక్కా. మెడ దగ్గర గుండీ కూడా పెట్టుకుని, జేబులో పెన్ను తగిలించుకుని ఉండేవారు. లుంగీ చూస్తే ఇప్పుడే నిద్ర లేచినట్టు, చొక్కా చూస్తే క్లాసుకి పోతున్నట్టు ఉండేది. ఆ వేషం ఏమిటి సార్ అని ఒకసారి అడిగితే, "పైన సగం అలవాటు పోలేదు సిస్టర్, కింద సగం రిటైరైపోయింది" అన్నారు.

ఆ ఏరియా నాకు కొత్తగా ఇచ్చిన రోజుల్లో మొదటిసారి వాళ్ళ ఇంటి వెనక్కి పోయాను. బట్టలుతికే రాయి పక్కన మోకాళ్ళెత్తు సిమెంటు తొట్టి. నీళ్ళు పచ్చగా ఉన్నాయి, అడుగున కుళ్ళిన ఆకులు. అబ్బ, దొరికింది అనుకున్నాను. అంత బరువు తొట్టిని వంచలేం. అడుగున ఉన్న తూముకి గుడ్డపేలిక కుక్కి ఉంది. దాన్ని లాగడానికి వంగాను.

"ఆగండి సిస్టర్! లోపల పిల్లలుండారు!"

ఎవరి బిడ్డో తొట్లో పడిపోయిందనుకుని భుజం దాకా చెయ్యి ముంచి దేవులాడాను. కొంగంతా తడిసి ముద్దయింది. సారు పరుగెత్తుకుంటూ వచ్చి, "మెల్లిగా, మెల్లిగా! నలిగిపోతారు!" అని అరుస్తున్నారు. నలిగిపోయేది నేను కాదని అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది.

ఆయన లోపలికి పోయి గరిటె, తెల్ల పళ్ళెం తెచ్చారు. వంటింట్లోంచి వాళ్ళావిడ గొంతు వెంటబడి వచ్చింది. "మళ్ళీ నా సాంబారు గరిటె తీసినావా? ఈయప్పతో యేగలేక సస్తా ఉండానమ్మా!" ఆవిడని నేను తర్వాత తర్వాత అమ్మా అని పిలవడం అలవాటు చేసుకున్నాను. ఆ రోజుకి మాత్రం గొంతే తెలుసు.

సారు అడుగు నుంచి ఒక గరిటెడు నీళ్ళు తీసి పళ్ళెంలో పోశారు. మట్టిరంగు పురుగొకటి ఆరు కాళ్ళూ చాపుకుని కూర్చుంది. తేలుకి తోక కోసేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"థూ, ఇదేం పురుగు సార్!"

"పురుగనొద్దు. తూనీగ ఈయప్ప. ఇంకా రెక్కలు రాలేదు, అంతే."

నా సంచిలో పక్కింట్లో పట్టిన దోమ లార్వాలున్న సీసా ఉంది. ఒక చుక్క పొయ్యమన్నారు. పోశాను. దోమపిల్ల మెలికలు తిరుగుతూ ముందు నుంచి పోయింది. పురుగు ముఖం కింది నుంచి ఏదో చాచినట్టు కనిపించింది, మళ్ళీ చూసేసరికి దోమపిల్ల లేదు.

"మీ డిపార్టుమెంటే సిస్టర్. జీతం లేకుండా, సెలవు లేకుండా పని చేస్తా ఉండాడు. మీరొచ్చి ఉద్యోగం పీకేస్తే ఎట్ల?" అన్నారు.

నవ్వొచ్చింది గానీ నేను లొంగలేదు. ప్రతి శుక్రవారం వచ్చి టార్చి వేసి చూస్తాను, ఒక్క దోమ లార్వా కనపడినా తూము గుడ్డ లాగేస్తాను అన్నాను. "లాగండి. మీరు మర్చిపోతే నేనే పిలిచి లాగిస్తా" అన్నారు. అన్న మనిషి నిజంగా పిలుస్తాడని తర్వాత తెలిసింది. ఒకసారి తనకేదో మెలికలు తిరిగేది కనపడిందని మంగళవారం నాడు ఫోన్ చేశారు. పోయి చూస్తే అది దోమ కాదు, ఎర్రపురుగు. ఆయన ముఖంలో ఆ సంతోషం చూడాలి!

అప్పటి నుంచి శుక్రవారం నా తిరుగుడులో ఆఖరి ఇల్లు అదే. నేను పోయేసరికి సారు పళ్ళెం తుడుచుకుని సిద్ధంగా ఉండేవారు. అమ్మ కాఫీ తెస్తే తన లోటాలోది సగం ఇంకో గ్లాసులోకి ఒంపి నాకిచ్చేవారు. "ఆయమ్మకి వేరే కలిపినాను గదా, నీదెందుకు పోస్తావు?" అని అమ్మ ప్రతిసారీ అడిగేది. ఆయన ప్రతిసారీ పోసేవారు. నాకు ఒకటిన్నర కాఫీ దక్కేది.

వాళ్ళ కాంపౌండు గోడ రాతి పలకలు నిలబెట్టి కట్టింది. రెక్కలొచ్చిన తూనీగలు ఆ రాతి మీదే వాలేవి. ఆ జాతి పొలాల్లో ఎగిరే ఎర్ర తూనీగలాగా కళ్ళకి కనపడేది కాదు. ఒళ్ళంతా బూడిదరంగు, నల్లచుక్కలు. రాతికి ఒళ్ళు ఆనించి రెక్కలు పరుచుకుని కూర్చుంటే రాయీ అదీ ఒకటే.

"ఆడనే ఉండాడు సూడండి."

"యాడ సార్?"

"మీ ముక్కు ముందరే."

నేను కళ్ళు చిట్లించి చిట్లించి తలనొప్పి తెచ్చుకునేదాన్ని. ఆయన వేలు పెట్టి చూపించేవారు కాదు. చెయ్యి ఎండకి అడ్డం పెట్టి మెల్లగా నీడ జరిపేవారు. నీడ తగలగానే రాతిలోంచి ఒక ముక్క ఊడి లేచిపోయినట్టు తూనీగ ఎగిరేది. ఓయమ్మో అని నేను వెనక్కి గెంతేదాన్ని. "ఉండండి, పోవద్దండి. మళ్ళీ ఆడికే వస్తాడు" అనేవారు. నిజంగానే ఒక చుట్టు చుట్టి అదే చోట వాలేది. అప్పుడు కనపడేది. ఏ పనిలోనూ నిలబడని మనిషిని నేను, ఆ గోడ దగ్గర మాత్రం సంచి భుజానికి వేసుకునే నిలబడిపోయేదాన్ని.

సారుతో ఒకటే కష్టం, ఆయనకి అబద్ధం రాదు. మాటవరసకి అనే అబద్ధం కూడా రాదు. అమ్మ "వెయ్యిసార్లు సెప్పినా" అంటే "అన్నిసార్లు చెప్పలేదులే" అనేవారు. బీపీ చూసి "బాగుంది సార్" అంటే "పోయిన నెల కంటే ఎక్కువుండాది గదా, బాగుందంటారేంది" అని నా మీదికే వచ్చేవారు. అమ్మ చెల్లెలి కూతురి పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివాళ్ళు వేడుకగా "పిల్ల వంట బాగా చేస్తుందా సార్?" అని ఈయన్ని అడిగారట. "నేను తిన్నంతవరకూ లేదు" అన్నారట. ఆ సంబంధం తప్పిపోయింది. ఆ తర్వాత వాళ్ళవాళ్ళు ఏ పెళ్ళిచూపులకి పోయినా ముందు సారుని గదిలో పెట్టి గొళ్ళెం వెయ్యమని చెప్పి బయల్దేరేవాళ్ళని అమ్మ నవ్వుతూ చెప్పింది.

ఆ నవ్వు ఆగిపోయి అమ్మ ముఖం చిన్నబోయింది. ఆ రోజు సారు ఊళ్ళో లేరు. వరండాలో ఇద్దరం కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతున్నాం, పప్పు ఒక గిన్నెలోకి, పొట్టు ఒక చేటలోకి. "ఆ నిజాల వల్లే గదమ్మా బండ పోయింది" అంది.

సారు పుట్టింది వడమాలపేట దాటినాక ఒక పల్లెలో. ఊరి వెనక ఏనుగు పడుకున్నట్టు పెద్ద బండ. దాని మీద దొనలు, అంటే వాన నీళ్ళు నిలిచే రాతి గుంటలు. వానపడిన తర్వాత నెలల తరబడి ఆ దొనల్లో నీళ్ళుంటాయి, ఆ నీళ్ళలో ఈ తూనీగ పిల్లలు. సారుకి చిన్నప్పుడు బడి కంటే ఆ బండే ఇష్టమట. జువాలజీ చదవడానికి కూడా అదే కారణమట. ఆ బండకి క్వారీ వాళ్ళు లీజుకి అర్జీ పెట్టుకున్నారు. ఊళ్ళో షామియానా వేసి, అధికారులు వచ్చి, జనం ఏమంటారో చెప్పమన్నారు. వద్దనేవాళ్ళు కొందరు సారుని ముందుకి తోశారు. చదువుకున్న మనిషి, పురుగుల సంగతి తెలిసిన మనిషి. ఇది ఇంకెక్కడా లేని తూనీగ, బండ పోతే దాని జాతే పోతుందని చెప్పండి సార్, ఆ ఒక్క మాట చాలు అని ముందే నేర్పిపెట్టారు.

"నేనూ పోయినా ఆ పొద్దు" అంది అమ్మ. "ఆఫీసరు మంచోడే. కుర్చీలో కూచోబెట్టి మర్యాదగా అడిగినాడు. పెద్దాయనా, ఆ తూనీగ ఇంగెక్కడా లేదా అన్నాడు. ఈయప్ప లేసి నిలబడి, ఉండాది సార్, దేశమంతా ఉండాది, నీళ్ళ తొట్లలో ఉండాది, మీ ఆఫీసు గోడ మీద కూడా ఉంటాది పోయి సూడండి అన్నాడు."

"అయ్యో!"

"ఇంగా విను. అంతరించిపోయే జాతి కాదు గదా అన్నాడు ఆ ఆఫీసరు. కాదు సార్, పుస్తకాల్లో దానికి ఆందోళన అక్కర్లేదు అని రాసుంటారు, అది నిజమే అన్నాడు ఈయప్ప. షామియానా కింద ఉండేవాళ్ళంతా నవ్వినారమ్మా. మనోళ్ళు తల పట్టుకున్నారు. మరి మీకేం బాధ పెద్దాయనా అన్నాడు ఆఫీసరు. ఈయప్ప, ఈ బండ మీదుండేది ఈ బండ మీదే ఉండాది సార్ అని కూచున్నాడు. అదేం మాటో ఎవురికీ అర్థం కాలా."

అమ్మ చేతిలో గింజ జారి కింద పడింది. "ఒగ్గ అబద్ధం. ఒగ్గ అబద్ధం సెప్పింటే ఏం పొయ్యింది? ఇంటికొచ్చినాక కడుపు మండి అడిగినా. లేని రోగం ఉందని రాసిచ్చే డాక్టర్ని ఏమంటావు అని నన్నే అడిగినాడు. నేను రెండ్రోజులు మాట్లాడలా."

క్వారీ పని మొదలు కాకముందు సారు ఒక్కరే బస్సెక్కి ఊరికి పోయారట. మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్లో ఆ దొనల్లోని నీళ్ళు, పిల్లల్ని ముంచుకుని, మూతకి చిల్లులు పెట్టి, పాత చీర ముక్కతో కట్టుకుని వచ్చారట. కండక్టరు వెనక పెట్టమంటే పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకున్నారు. పక్కవాళ్ళు చేపలా అని అడిగితే కాదని మొదలుపెట్టి తిరుపతి బస్టాండు దాకా తూనీగ పుట్టుక మొత్తం చెప్పారట. ఇంటికి వచ్చేసరికి లుంగీ అంతా తడి.

"ఈ తొట్లో ఉండేవి ఆ బండ బిడ్డలే" అంది అమ్మ. "నేను గరిటె కోసం అరుస్తానే గానీ, నాకు తెలవదా?"

తూము గుడ్డ మీద చెయ్యి పెట్టినప్పుడు ఆయన అంత పెద్దగా ఎందుకు అరిచారో అప్పుడు అర్థమైంది. ఆ తొట్టి ఎండిపోతే ఆ బండకి ఈ భూమ్మీద మిగిలింది ఏదీ ఉండదు.

తర్వాత కొన్నాళ్ళకి సారు బండ చూసి రావాలన్నారు. అమ్మ తను రానంది, చూడలేనంది. "ఒగ్గణ్ణే పంపాలంటే భయంగా ఉండాది తల్లీ, నువ్వు తోడు పో" అని నాకప్పగించింది. ఆదివారం నా స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయాను. దారిలో భయం వేస్తుందేమోనని "మెల్లగానే పోతా ఉండా సార్, ముప్పైలో" అన్నాను. భుజం మీదుగా మీటరు చూసి, "నలభై రెండుండాది సిస్టర్" అన్నారు. వడమాలపేట వచ్చేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

ఊరి దగ్గరికి వచ్చేసరికి మామిడి తోపుల ఆకులన్నీ రాతిపొడితో తెల్లబడి ఉన్నాయి. బండ ఉన్నచోట పెద్ద గొయ్యి ఉంది. ఇటుకలు కోసినట్టు నాలుగు వైపులా నిలువుగా కోసేశారు. అడుగున నీళ్ళు. ఆదివారం కాబట్టి మిషన్లు ఆగి ఉన్నాయి. సారు అంచు దాకా పోతానంటే నేను చెయ్యి పట్టుకున్నాను. ఏడుస్తారేమోనని భయపడ్డాను. ఆయన ఏడవలేదు. అడుగు వంక, గోడల వంక చాలాసేపు చూశారు. తర్వాత చెయ్యి ఎండకి అడ్డం పెట్టి, కోసిన రాతి గోడ మీద నీడ జరిపారు.

తూనీగ లేచింది. ఒక చుట్టు తిరిగి, అదే కోసిన రాతి మీద, డ్రిల్లు గీతల మధ్య వాలింది.

"సూసినారా?" అన్నారు. "ఆయప్పకేం. యాడైనా బతుకుతాడు. పుస్తకంలో రాసింది సరిగ్గానే రాసినారు సిస్టర్. ఆయప్పకి దిగులక్కర్లేదు. దిగులంతా నాది."

నేను పన్నెండేళ్ళుగా రోగాల మధ్య తిరిగేదాన్ని, ఓదార్చడం నా ఉద్యోగం. ఆ రోజు మాత్రం ఓదార్చబోలేదు. "చిన్నప్పుడు యాడ పండుకునేవారు సార్ బండ మీద?" అని అడిగాను. ఆయన గొయ్యి మధ్యలో గాలిలోకి చెయ్యి చూపించారు. వట్టి గాలి. "ఆడ" అన్నారు. "ఆడ ఒక పెద్ద దొన ఉండె. దాని పక్కన." అంత ఎత్తున, ఏమీ లేని చోట, ఆయన కళ్ళు నిలబడిపోయాయి. తిరిగి వచ్చేటప్పుడు మీటరు చూడలేదు. నేను ఎంతలో నడిపానో నాకూ తెలియదు.

మొన్న వానలు ముగిసే రోజుల్లో సారు పోయారు. పొద్దున కాఫీ తాగి, లోటా కడిగి బోర్లించి, వరండాలో కుర్చీలో కూర్చున్నారట. అమ్మ పిలిస్తే పలకలేదు. గుండె. ఫోన్ వస్తే డ్యూటీ చీరలోనే పరుగెత్తాను. లోపల పడుకోబెట్టారు. చొక్కా మెడ గుండీ పెట్టే ఉంది. ఆ గుండీ చూసేసరికి నాకు దుఃఖం ఆగలేదు.

ఊరి నుంచి బంధువులు వచ్చారు. మా వైపు శవం గేటు దాటగానే ఇంట్లో నిలవ ఉన్న నీళ్ళన్నీ పారబోసి ఇల్లు కడుగుతారు. మైల నీళ్ళు, ఒక్క చుక్క ఉంచకూడదు. మగవాళ్ళు శవాన్ని ఎత్తుకుని పోయారు. నేను అమ్మని పట్టుకుని వరండాలో కూర్చున్నాను. లోపల బిందెలు వంచుతున్న చప్పుడు, చీపుర్ల చప్పుడు. ఇంటి పక్క కాలవలో పచ్చని నీళ్ళు జలజలా వీధిలోకి పోతున్నాయి. పచ్చని నీళ్ళు ఎక్కడివి అనుకున్నాను, అంతలోనే లేచి వెనక్కి పరుగెత్తాను.

తూము గుడ్డ పక్కన పడి ఉంది. తొట్టి ఖాళీ. ఎవరిని ఏమనాలి? ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్ళు, చెయ్యాల్సిన పని చేశారు. తొట్లో బ్లీచింగ్ పొడి కూడా చల్లి, చీపురుతో రుద్ది, ఎంతో శుభ్రంగా చేశారు. నేను కాలవ పక్కన మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో బురద దేవాను. ఆకులొచ్చాయి, నాచు వచ్చింది. ముసలామె ఒకామె చీపురు ఆపి, "ఏం పోగొట్టుకున్నావు తల్లీ, ఉంగరమా?" అని అడిగింది. కాదన్నాను. మరేంది అంది. వీధి మలుపు దాకా కాలవ వెంబడి వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

కర్మలు అయినాక వచ్చిన శుక్రవారం ఆ గేటు తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు. అయినా పోయాను. వెనకవైపు అమ్మ ఉతికే రాయి మీద కూర్చుని ఉంది. తొట్టి నిండా కొత్త నీళ్ళు. ఆమె చేతిలో టీ వడపోత. నీళ్ళలో మెల్లగా ముంచి ఎత్తుతోంది, ముంచి ఎత్తుతోంది. వడపోతని పక్కన ఎండిన నేల మీద దులుపుతోంది.

"ఏం చేస్తా ఉండావమ్మా?"

"నీ దోమపిల్లల్ని ఏరతా ఉండా. పొద్దునొగసారి, సాయంత్రమొగసారి."

"పారబోసి తొట్టి ఆరబెడితే సరిపోతుంది కదమ్మా. ఎందుకీ కష్టం?"

"ఆరబెడితే అవి యాడ పెడతాయి గుడ్లు?" అంది. నా వైపు చూడకుండానే చెప్పింది. "ఆయప్ప ఉన్నప్పుడే రెక్కలొచ్చి ఎగిరిపోయినవి ఉండాయి గదా. ఈ సుట్టుపక్కలే ఏ గోడ మీదో కూచోనుంటాయి. గుడ్లు పెట్టే పొద్దు నీళ్ళు ఎతుక్కుంటా వస్తాయి. వచ్చేటప్పటికి తొట్టి ఎండిపోయుంటే ఏమనుకుంటాయి?"

టార్చి వేసి చూశాను. ఆ తొట్లో ఒక్క దోమ లార్వా లేదు. సాంబారు గరిటె కోసం అన్నేళ్ళు అరిచిన మనిషి, తూనీగ పిల్లలు చేసే పని తను చేస్తోంది. నేను ఆమె పక్కన కూర్చుని ఊరికే నీళ్ళ వంక చూశాను. ఆ వారం తూనీగ రాలేదు. ఆ తర్వాతి వారాలూ రాలేదు. ఊళ్ళో ఏ రాతిగోడ చూసినా ఉంది, మా ఆరోగ్య కేంద్రం మెట్ల మీద కూడా వాలింది, ఆ తొట్టికే రాలేదు. నేను పోయిన ప్రతిసారీ అమ్మ "ఏమైనా ఉండాదా?" అని అడిగేది. లేదనేదాన్ని. ఆమె వడపోత ముంచేది.

పోయిన శుక్రవారం రెండు వీధుల అవతల ఒకరింట్లో ప్లాస్టిక్ డ్రమ్ము వంచబోతే అడుగున అవే పిల్లలు కనపడ్డాయి. మట్టిరంగు, చాచిన కాళ్ళు. నా మంచినీళ్ళ సీసా ఖాళీ చేసి నాలుగింటిని ముంచుకున్నాను. దారంతా ఒకటే ఆలోచన. అమ్మ కాఫీ కలపడానికి లోపలికి పోయినప్పుడు తొట్లో ఒంపేస్తాను. మళ్ళీ శుక్రవారం టార్చి వేసి, వచ్చేశాయమ్మా అంటాను. ఆమె ముఖం ఎట్లా అవుతుందో కూడా ఊహించుకున్నాను. ఇంత మంచి అబద్ధం నా జన్మలో ఆడలేదనుకున్నాను.

అమ్మ కాఫీకి లేవలేదు. నా చేతిలో సీసా చూసింది. తీసుకుని ఎండకి ఎత్తి పట్టుకుంది.

"ఇవీ అవేనా?"

"అవే జాతమ్మా."

"ఆ బండవా?"

అవునన్న మాట నోటిదాకా వచ్చింది. ఒక్క మాట. ఎవరికీ నష్టం లేదు. ఆమె నా కళ్ళలోకి చూస్తోంది. ఆ ఇంట్లో ఆ మాట నా నోరు దాటలేదు.

"కాదమ్మా. రెండు వీధుల అవతల డ్రమ్ములోవి. కానీ అంతా ఒకటే. పోసేద్దాం. దోమల బాధ తప్పుతాది, నీకు రోజూ ఈ వడపోత పని తప్పుతాది."

అమ్మ సీసాలో తిరుగుతున్న పిల్లల్ని చాలాసేపు చూసింది. ముద్దుగానే చూసింది. తర్వాత మూత బిగించి నా చేతిలో పెట్టి, నా చెయ్యి మూసింది.

"మంచిదానివే తల్లీ. యాడివి ఆడ వదిలిపెట్టు. ఇవి పోసినామంటే, రేపు అవి వచ్చినప్పుడు నేనెట్ల గుర్తుపట్టేది?"